కొత్త బాస్ గిటార్‌ని గీకి పాతది చేయడం

"అన్నా, బాస్ మీద పెయింట్ గీకాలంటే ఎన్నో నంబర్ ఉప్పు కాగితం తీసుకోవాలి?"

అడిగింది మా బ్యాండ్‌లో కీబోర్డు వాయించే కుర్రాడు. ఈ మధ్య బాస్ మీద మనసు పడి కొత్త సన్‌బర్స్ట్ (మధ్యలో లేతగా, అంచులకు ముదురుగా తిరిగే రంగు) ఒకటి కొన్నాడు. షాపువాడు కట్టిన ట్యాగ్ కూడా ఇంకా తీయలేదు. అప్పుడే దాన్ని అరవై ఏళ్ళు స్టేజీల మీద తిరిగొచ్చినదానిలా చేసేయాలని వాడి తొందర. దీన్ని రెలిక్ చేయడం అంటారనీ, ఫెండర్ లాంటి కంపెనీలే ఆ పని చేసి మరీ లక్షలకు అమ్ముతాయనీ బాస్ వాయించేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. అడిగాడు కాబట్టి నంబర్ చెప్పేశాను. కానీ ఆ తర్వాత చాలా రోజులు అదే ఆలోచన. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉందని తెలుసు, అదేమిటో కుదురుగా ఎప్పుడూ చెప్పుకోలేదు.

మామూలుగా వినిపించే వాదనలు రెండు. ఇది మోసం, వాయించకుండానే వాయించినట్టు నటించడం అనేది ఒకటి. నా డబ్బు, నా బాస్, నా కంటికి బాగుంది, నీకేంటి అనేది రెండోది. రెండోదానికి జవాబు లేదు, కాబట్టి దానితో వాదనా లేదు. మొదటిదాంట్లో విషయం ఉంది కానీ అది పాత బాస్ మీద కనిపించే గుర్తులన్నిటినీ ఒకే గాటన కట్టేస్తుంది. వాటిలో కొన్ని పెయింట్ తనంతట తాను ముసలిదైతే వచ్చినవి. కొన్ని మనిషి చెయ్యి ఆనీ ఆనీ వచ్చినవి. మొదటి రకాన్ని కృత్రిమంగా తెప్పించుకుంటే నాకే అభ్యంతరమూ లేదు. రెండో రకాన్ని కొనుక్కోవడం మాత్రం నాకు మింగుడుపడదు. అదేదో పాపమని కాదు. ఆ గుర్తులు దాదాపు ఎప్పుడూ తప్పు చోట పడతాయి.

పెయింట్ ముసలితనం

1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బాస్ తెచ్చినప్పుడూ, 1960లో జాజ్ బాస్ తెచ్చినప్పుడూ వాటి మీద వేసింది ఎక్కువగా నైట్రోసెల్యులోజ్ లాకర్, క్లుప్తంగా నైట్రో. మన ఫర్నిచర్ పాలిష్ పనివాళ్ళు ఎన్‌సి లాకర్ అనేది ఈ జాతిదే. అందులోని సాల్వెంట్ ఆవిరైపోతే మిగిలిన పొరే ఫినిష్. లోపల రసాయనిక బంధాలేమీ కొత్తగా ఏర్పడవు, అందుకే ఏళ్ళ తర్వాత కూడా మీద థిన్నర్ పడితే మళ్ళీ కరుగుతుంది. పొరను మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్లు నెమ్మదిగా పోతాయి, పొర బిగుసుకుని పెళుసవుతుంది. మంచు పడే రాత్రి వ్యాన్‌లోంచి తీసి వెచ్చటి హాల్లో కేసు తెరిస్తే చెక్క ఒకలా సాగుతుంది, పొర ఒకలా సాగుతుంది. అప్పుడు అద్దం చిట్లినట్టు సన్నటి గీతలు పడతాయి. దాన్నే చెకింగ్ అంటారు. వెలుతురుకి పైపొర పసుపెక్కుతుంది. దాంతో ఒలింపిక్ వైట్ కాస్తా వెన్న రంగుకి తిరుగుతుంది, లేక్ ప్లాసిడ్ బ్లూ ఆకుపచ్చ వైపు జారుతుంది. 1950ల చివర్లో వచ్చిన సన్‌బర్స్ట్‌లలో ఎరుపు వెలిసిపోయి పసుపూ నలుపూ మాత్రమే మిగిలినవి చాలా కనిపిస్తాయి.

ఇవేవీ ఫెండర్ కంపెనీ కోరుకున్నవి కావు. వాళ్ళు వాడిన రంగులు కార్ల పెయింట్లు. లేక్ ప్లాసిడ్ బ్లూ కాడిలాక్ కారు రంగు, ఫియెస్టా రెడ్ ఫోర్డ్ థండర్‌బర్డ్ రంగు. అప్పటి అమెరికాలో సులువుగా దొరికేవి, త్వరగా ఆరేవి, అందుకే వాడారు. అంతకన్నా గట్టిది దొరగ్గానే, 1968 ప్రాంతంలో, పాలియెస్టర్ వైపు వెళ్ళిపోయారు. అంటే ఇప్పుడు మనం మురిసిపోతున్న ఆ పగుళ్ళూ పసుపూ ఆ రోజుల్లో ఫ్యాక్టరీకి తలనొప్పి. ఒక పదార్థం లోపాన్ని తెలిసి తెలిసి మళ్ళీ తెప్పించుకోవడంలో వింత ఉంది, మోసం లేదు. ప్లాస్టిసైజర్ తక్కువున్న లాకర్ వేసి, ఫ్రీజర్‌లో పెట్టి తీసి పగుళ్ళు తెప్పిస్తే, చలిదేశంలో అరవై ఏళ్ళలో జరిగేది ఒక్క పూటలో జరిగింది, అంతే. అందులో ఎవరూ ఎవరి వాయింపునూ తమదని చెప్పుకోవడం లేదు.

కాకపోతే ఈ పని బాగా చేసేవాళ్ళు తక్కువ. బ్లేడుతో గీసిన పగుళ్ళు కంటికి ఇట్టే తెలిసిపోతాయి. రూళ్ళ కాగితంలా వరసగా, తిన్నగా ఉంటాయి. నిజం పగుళ్ళకు అంత క్రమశిక్షణ ఉండదు.

ఈ వ్యాపారం మొదలైన తీరు కూడా గమ్మత్తుగా ఉంటుంది. ఆర్డర్ మీద ప్రత్యేకంగా చేసిచ్చే విభాగం, ఫెండర్ కస్టమ్ షాప్, 1987లో పుట్టింది. వాళ్ళు చేసిచ్చిన పాత మోడల్ గిటార్లు మరీ కొత్తగా ఉన్నాయని, కాస్త కొట్టి పాతవిగా చేసి తెమ్మని రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ అన్నాడని ఒక కథ చెబుతారు. నిజమో కాదో గానీ, 1995లో కంపెనీ రెలిక్ పేరుతో గిటార్లను బజార్లోకి తెచ్చింది. తొలి ఏళ్ళలో బాడీలూ, మెడల్లాంటి పొడవాటి నెక్‌లూ కాలిఫోర్నియా నుంచి మిజోరీ రాష్ట్రానికి వెళ్ళేవి. అక్కడ విన్స్ క్యునెటో అనే ఆయన వాటికి రంగేసి, పాతబరిచి వెనక్కి పంపేవాడు. ఆ తర్వాత హోటల్ మెనూలో కారం తగ్గించి, పెంచి ఇచ్చినట్టు స్థాయిలొచ్చాయి: క్లోజెట్ క్లాసిక్, జర్నీమన్, రెలిక్, హెవీ రెలిక్. 2009లో మెక్సికో ఫ్యాక్టరీ నుంచి రోడ్ వోర్న్ పేరుతో తక్కువ ధరవి వచ్చాయి, వాటిలో ప్రెసిషన్, జాజ్ బాస్‌లు కూడా ఉన్నాయి. అరిగిపోవడం ఒక ఫ్యాక్టరీ లైన్ పనైంది.

దీన్ని చూసి, రాక్ సంగీతం దిగజారిపోయిందని వాపోయేవాళ్ళు వయొలిన్ల సంగతి ఒకసారి చూడాలి. పారిస్‌లో 19వ శతాబ్దంలోనే విల్యోమ్ లాంటి పెద్ద పనివాడు స్ట్రాడివేరియస్‌లకు నకళ్ళు చేసి, వార్నిష్ అరిగినట్టు తీర్చిదిద్దేవాడు. ఇవాళ పిల్లలకు కొనిచ్చే సాదా వయొలిన్లలో కూడా అంచుల దగ్గర నీడలు వేసి పాతవిగా కనబడేలా చేసినవి ఎన్నో ఉంటాయి. వాటిని పట్టుకుని కచేరీకి కూర్చున్నవాణ్ణి ఎవరూ నటుడనలేదు.

మన బాస్‌ల ముసలితనం వేరు

ఇక్కడ మనవాళ్ళకు ఒక చిక్కుంది. మన దగ్గర చేతుల్లో ఉండే బాస్‌లలో నూటికి తొంభై తొమ్మిది పాలీ ఫినిష్‌వి. పాలియురేథేన్ కావచ్చు, పాలియెస్టర్ కావచ్చు, రెండూ ఆరేటప్పుడు లోపల అల్లుకుపోయి ఒక గట్టి పెంకులా తయారవుతాయి. పసుపెక్కితే కొద్దిగా ఎక్కుతాయి. పగుళ్ళు పట్టడం అరుదు. అరగమంటే అరగవు. దెబ్బ తగిలితే పెచ్చు ఊడుతుంది, అంచు పదునుగా నిలబడుతుంది.

నా బాస్ కూడా అలాంటిదే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, పబ్బుల్లో, పెళ్ళి సంగీత్‌లలో, ఒకటి రెండుసార్లు వానలో కూడా వాయించింది. దాని ఒంటి మీద చెయ్యి ఆనే చోట ఇప్పటికీ మెరుపే. వయసు చూడాలంటే బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జి దగ్గరికి రావాలి. అక్కడ ఒక్కో తీగనూ మోసే శాడిల్ ఎత్తు సరిచేసే చిన్న స్క్రూలు తుప్పు పట్టి అలెన్ కీ తిరగడం మానేశాయి. విశాఖలోనో చెన్నైలోనో సముద్రపు గాలికి చెమట తోడై వాటి పని పట్టింది. వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమంటుంది. జాక్ వదులైంది. ఇదీ మన వాతావరణంలో బాస్ ముసలిదయ్యే పద్ధతి. దీన్ని ఎవరూ రెలిక్ చేసి అమ్మరు, ఎందుకంటే ఫోటోలో బాగుండదు.

మా కుర్రాడి పని ఇక్కడే అడ్డం తిరిగింది. వాళ్ళ డాబా మీద చాప పరుచుకుని, ముందు సన్న కాగితంతో మొదలుపెట్టాడు. అరగంట రుద్దినా మెరుపు మందగించిందే తప్ప రంగు పోలేదు. విసుగొచ్చి గరుకుది తీశాడు. పొర లేచింది గానీ నైట్రోలా పల్చబడుతూ పల్చబడుతూ చెక్కలో కలిసిపోలేదు. మెట్టులా తెగింది. మెట్టు కింద తెల్లటి సీలర్, ఆ కింద చెక్క. పాత బాస్‌లా కాదు, ఎలుక కొరికినట్టు కనబడింది. కోఠి గుజరాతీ గల్లీలో సర్క్యూట్ బోర్డుల కోసం అమ్మే ఫెర్రిక్ క్లోరైడ్ తెచ్చి స్క్రూలూ, తీగలు బిగించే ట్యూనర్లూ ముంచాడు. నికెల్ పూత ఉన్న చిన్న స్క్రూలు మాత్రం చక్కగా నల్లబడ్డాయి. క్రోమ్ ట్యూనర్లు కడిగితే మళ్ళీ తళతళ. బాత్రూం యాసిడ్ పొగ పట్టిద్దామా అన్నాడు. ఆ మాటకు మాత్రం ఫోన్లోనే కేకలేశాను. మూసిన గదిలో ఆ పొగ పీలిస్తే ఊపిరితిత్తులు కూడా రెలిక్ అవుతాయి. నైట్రో స్ప్రేలతో ఆడుకునేవాళ్ళకూ ఇదే మాట, అది భగ్గున అంటుకునే సరుకు.

వాడు నొచ్చుకోలేదు లెండి. ఆ ఎలుక కొరుకుడు మీద స్టిక్కర్ అంటించాడు. నన్నడిగితే అదే ఆ బాస్ మీద వాడు చేసిన మొదటి నిజమైన పని.

చెయ్యి ఆనిన చోటు

ఇప్పుడు రెండో రకం గుర్తులకు వస్తాను. నా అసలు గొడవ వీటితోనే.

పాత బాస్ మీద అరుగుదల ఎక్కడ పడితే అక్కడ రాదు. బాస్ తీగ పొడవు ముప్ఫై నాలుగు అంగుళాలు, గిటార్ కంటే చాలా పొడవు, బరువూ ఎక్కువ. కుడి ముంజేయి బాడీ పై అంచు మీద మొత్తం బరువేసి కూర్చుంటుంది, అందుకే అక్కడ మొదట పోతుంది. వేళ్ళతో వాయించేవాడి బొటనవేలు, తీగల కింద ఉండి వాటి కదలికను పట్టే పికప్ మీద ఆనుతుంది, ఆ ప్లాస్టిక్ కవర్ ఒక మూల నునుపెక్కి గుంట పడుతుంది. పిక్ అనే చిన్న ప్లాస్టిక్ ముక్కతో వాయించేవాడికి అక్కడేమీ ఉండదు, వాడి గీతలన్నీ బాడీని కాపాడే పిక్‌గార్డ్ మీదే. వేళ్ళు నొక్కే ఫ్రెట్‌బోర్డ్ మేపుల్ చెక్కదైతే, లాకర్ పోయి నల్లబడే చోట్లు చూసి వాయించినవాడు ఏ పొజిషన్‌లో కాపురం ఉన్నాడో చెప్పేయొచ్చు. ఫ్యాక్టరీ వాళ్ళు తొలినాళ్ళలో పికప్ మీదా బ్రిడ్జి మీదా క్రోమ్ కవర్లు బిగించి పంపేవారు. బ్రిడ్జి కవర్ లోపల తీగల మోత తగ్గించడానికి స్పాంజి కూడా ఉండేది. వాయించేవాళ్ళు చాలామంది ఆ కవర్లు పీకి పారేశారు. అందుకే పాత బాస్‌ల మీద స్క్రూ రంధ్రాలు నాలుగు ఉత్తిపుణ్యానికి కనిపిస్తాయి. బాస్‌ని బొటనవేలితో వాయిస్తారనుకుని, మిగతా వేళ్ళు పట్టుకోవడానికి సన్నతీగ పక్కన ఒక చిన్న చెక్క బిగించారు. జనం వేళ్ళతో వాయించడం మొదలెట్టాక అది ఏళ్ళ తరబడి పనిలేకుండా అక్కడే ఉండిపోయింది.

అమెరికాలో మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకు బాస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 ప్రెసిషన్ మీద ఒక్క చూపుడు వేలితో వాయించాడు. జాజ్ బాసిస్టు జాకో పాస్టోరియస్ తన 1962 జాజ్ బాస్ మీద కుడిచేతిని బ్రిడ్జి దగ్గరికి జరిపి, వెనక పికప్ మీద వాయించాడు. ఈ ఇద్దరి బాస్‌లూ ఒకేచోట అరిగే అవకాశమే లేదు. అరుగుదల అంటే ఒక మనిషి చెయ్యి గీసిన మ్యాపు. రెలిక్ బాస్ కొంటే మనకొచ్చేది ఏ మనిషిదీ కాని, నలుగురివీ కలిపి సరాసరి తీసిన మ్యాపు.

నా సంగతే తీసుకోండి. నా వాయింపులో ముప్పాతిక వంతు ఇంట్లో కూర్చుని, లుంగీ మీద. నాకు ఎవరైనా హెవీ రెలిక్ బాస్ ఇస్తే దాని వెనక బెల్టు బకిల్ గీకిన గీతలు గ్యారంటీగా ఉంటాయి. ఆ బకిల్ ఎవరిది? రోజూ నా చెయ్యి తగిలే చోట మెరుస్తూ, ఎప్పుడూ తగలని చోట చెక్క బయటపడి ఉన్న వస్తువు కొన్నాళ్ళకు చిరాకు పుట్టిస్తుంది. కంపెనీ అరుగుదల పక్కనే మన అరుగుదల మొదలవుతుంది, రెండూ కలవవు.

తెనాలి నుంచి వచ్చిన మా బాబాయ్, స్నేహితుడొకడు మా ఇంట్లో వదిలి వెళ్ళిన రోడ్ వోర్న్ బాస్‌ని చూసి "సెకండ్ హ్యాండా? ఎంతకిచ్చాడేంటి?" అన్నాడు. ధర చెప్పాను. "ఆ డబ్బుకి కొత్తదే వచ్చేది కదరా." కొత్తదే బాబాయ్ అన్నాను. టీవీ రిమోట్‌కి వేసిన ప్లాస్టిక్ కవర్ రిమోట్ పాడయ్యేదాకా తీయని ఇల్లు వాళ్ళది, నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. దాన్ని తిరగేసి, అంచు తడిమి, "మరి ఇంతలా ఎవడు వాయించాడు?" అన్నాడు. నేను ఇంతసేపూ రాసినదంతా ఆయన ఆ ఒక్క ముక్కలో అడిగేశాడు.

నాకున్న అనుమానాలు

ఇంత చెప్పాక, నా వాదనలో కన్నాలు నాకే కనిపిస్తున్నాయి.

మొదటిది: నా బాసే సెకండ్ హ్యాండ్. అంతకుముందు వాయించినవాడి బొటనవేలి గుర్తు పికప్ మీద ఉంది. అది నాది కాదు, డబ్బిచ్చి కొన్నదే. మరి అది ఒప్పయితే ఇది తప్పెలా అయింది? నా సమాధానం ఏమిటంటే, ఆ గుర్తు ఉన్న చోట బొటనవేలు పెడితే చెయ్యి నిజంగానే కుదురుకుంటుంది. నిజం చెయ్యి కనిపెట్టిన చోటది. కానీ దీనికీ ఎదురు ప్రశ్న ఉంది. పేరున్న ఒకరి బాస్‌ని అంగుళం అంగుళం కొలిచి, అదే చోట్ల అరగదీసి చేసిన కాపీ సంగతేమిటి? కస్టమ్ షాప్ జాకో పేరుతో అలాంటి ఫ్రెట్‌లెస్ (నెక్ మీద ఫ్రెట్లనే లోహపు గీతలు లేని) జాజ్ బాస్ చేసి అమ్మింది. అందులో ఉన్నది సరాసరి మ్యాపు కాదు, ఒకే మనిషి మ్యాపు. ఇక్కడ నా వాదన కుంటుతుంది, ఒప్పుకుంటాను. అయినా నాకు అది వాయిద్యంలా కన్నా మ్యూజియం వస్తువులానే అనిపిస్తుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. జాకో తన బాస్‌లో ఫ్రెట్లు తీసేసిన చీలికలు పూడ్చి, గరుకైన రౌండ్‌వౌండ్ తీగలు చెక్కను తినేస్తున్నాయని ఫ్రెట్‌బోర్డ్ మీద పడవలకు వాడే ఎపాక్సీ పూశాడు. అంటే ప్రపంచంలో అందరికంటే పేరుపడ్డ ఆ గీతల బాస్ యజమాని, దాన్ని అరక్కుండా కాపాడుకోవడానికే ఆ తంటాలు పడ్డాడు! తర్వాత అది ముక్కలైంది, అతికించారు, 1986లో న్యూయార్క్‌లో ఒక పార్కులో పోయింది. మరుసటి ఏడు ఆయనే పోయాడు. బాస్ రెండు దశాబ్దాల తర్వాత బయటపడింది. ఆ గాయాలను ముచ్చటపడి కాపీ చేయించుకునేవాళ్ళు ఆ కథ మొత్తం కావాలనుకుంటారా అని నాకు సందేహం.

రెండో అనుమానం ఇంకా బలమైంది. మొదటి గీత భయం. కొత్త బాస్ కొన్నవాడు దాన్ని స్టేజీకి తీసుకెళ్ళడానికే టెన్షన్ పడతాడు. ఆంప్‌కి ఆనించడు, ఎవరికీ ఇవ్వడు, వానొస్తే షో మధ్యలో కేసు కోసం పరిగెడతాడు. రెలిక్ బాస్ ఈ బాధ మొత్తం తీసేస్తుంది. ఎలాగూ గీతలున్నాయి, ఇంకోటి పడితే పడనీ అని హాయిగా వాయిస్తాడు. ఇది నిజంగా లాభమే, దీన్ని కాదనలేను. అయితే ఆ మొదటి గీత ఎలాగూ ఒక్క పెళ్ళిళ్ళ సీజన్‌లో పడుతుంది. డ్రమ్మర్ సింబల్ స్టాండ్ చాలు. దానికోసం ఫ్యాక్టరీకి డబ్బు కట్టక్కర్లేదు.

మూడోది నెక్. దీంట్లో నేను పూర్తిగా అవతలి పార్టీలో చేరిపోతాను. నెక్ వెనక మెరిసే పాలీ పొర మన ఎండాకాలంలో చెమటకు జిగటగా అయిపోతుంది, బొటనవేలు జారదు. పాత బాస్‌లలో అక్కడ లాకర్ పోయి చెక్క నున్నగా చేతికొస్తుంది. ఆ సుఖం కోసం స్కాచ్‌బ్రైట్‌తో మెరుపు చంపేస్తే అది వేషం కాదు, సెటప్, అంటే చేతికి వీలుగా సరిచేసుకోవడం. రెలిక్ జీన్స్ ప్యాంటులాంటిదేగా అని చాలామంది అంటారు. ఆ పోలిక ఒక్క నెక్ వెనక భాగానికే నప్పుతుంది. ఉతికి మెత్తబరిచిన ప్యాంటు ఒంటికి హాయిగా ఉంటుంది, బాడీ మీద గీకిన పెయింట్ ఎవరి ఒంటికీ ఏమీ చేయదు.

చెవికి తెలిసే వయసు

నైట్రో పల్చగా ఉంటుంది కాబట్టి చెక్క ఊపిరి తీసుకుంటుందని, సౌండ్ విచ్చుకుంటుందని ఒక నమ్మకం. అమ్మేవాళ్ళకు ఇష్టమైన మాట. కానీ 1960ల ఫెండర్‌లలోనే నైట్రో కింద ఫుల్లర్‌ప్లాస్ట్ అనే గట్టి సీలర్ పూత ఉండేది. ఊపిరి తీసుకోవాలంటే ముందు దాన్ని దాటాలి. పైగా ఇది సాలిడ్ బాడీ. పికప్ అయస్కాంతం వినేది ఉక్కు తీగ కదలికను. పెయింట్ మందం వల్ల తేడా అసలుండదని నేను ప్రమాణం చేయను గానీ, పబ్బులో డ్రమ్స్ పక్కన దాన్ని వినగలనన్నవాడి మాట మాత్రం నమ్మను.

పాత రికార్డుల్లో మనం ఇష్టపడే ఆ మొద్దుబారిన, గుండ్రటి బాస్ సౌండ్‌లో వయసు ఉన్న మాట వాస్తవం. కాకపోతే అది తీగల వయసు. జేమర్సన్ లాబెల్లా కంపెనీ లావుపాటి, నునుపైన ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసి, తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు. చెమట, మురికి, జిడ్డు పేరుకుని పై స్వరాలు చచ్చిపోయిన తీగలవి. దానికి బ్రిడ్జి కవర్ లోపలి స్పాంజి తోడు. మోటౌన్ రికార్డుల్లో వినిపించే ముసలితనంలో పెయింట్ వాటా ఎంత, ఈ తీగల వాటా ఎంత? ఒక సెట్ ఫ్లాట్‌వౌండ్లు వేసి ఏడాది పాటు ముట్టుకోకుండా వాయించండి, తీగల కింద బ్రిడ్జి దగ్గర ఒక స్పాంజి ముక్క దూర్చండి. అదీ రెలిక్ చేయడమే. చవగ్గా అయిపోతుంది, పైగా వినేవాళ్ళకు తెలుస్తుంది. బాస్‌ని చూసేవాళ్ళు ఎప్పుడూ తక్కువే, మనం నిలబడేది డ్రమ్స్ పక్క చీకట్లో.

జేమర్సన్ 1962 ప్రెసిషన్ ఆయన 1983లో చనిపోవడానికి కొద్దిరోజుల ముందు దొంగల పాలైంది. ఇప్పటికీ దొరకలేదు.

చేతులు మారినప్పుడు

నిజంగా మోసం అనే మాట వాడాల్సిన చోటు ఒకటుంది, అది అమ్మకం. సీబీఎస్ కంపెనీ 1965 మొదట్లో ఫెండర్‌ని కొనక ముందు చేసిన బాస్‌లకు మార్కెట్లో ఉన్న రేటు చూస్తే, అలాంటిది తయారుచేయాలన్న ఆశ ఎవరికైనా పుడుతుంది. బాగా చేసిన రెలిక్, ఆ దారిలో సగం పని పూర్తి చేసిపెట్టినట్టే. తెలిసినవాళ్ళు పట్టుకుంటారు: నాబ్‌ల కింద ఉండే పాట్‌ల మీద కోడ్ చదువుతారు, సీటీఎస్ వాళ్ళదైతే 137తో, స్టాక్‌పోల్ వాళ్ళదైతే 304తో మొదలై తర్వాత ఏడు, వారం ఉంటాయి. టంకం ముక్కలు ఎప్పుడైనా కదిలాయా చూస్తారు. అతినీల లైటు కింద పెడితే పాత నైట్రో పసుపు కలిసిన ఆకుపచ్చగా మెరుస్తుంది, నిన్న మొన్న వేసింది సాధారణంగా అలా మెరవదు. కానీ ఇవన్నీ ఎంతమందికి తెలుసు? మన సెకండ్ హ్యాండ్ ప్రకటనల్లో వ్యవహారం ఇంకోలా ఉంటుంది. కింద పడి పెచ్చులూడిన బాస్‌ని నేచురల్ రెలిక్ అని రాసి రెండు వేలు ఎక్కువ చెబుతారు. దానికి నవ్వుకుని ఊరుకోవచ్చు.

కస్టమ్ షాప్ రెలిక్‌ల సీరియల్ నంబర్ ఆర్ అక్షరంతో మొదలవుతుంది, కూడా సర్టిఫికెట్ వస్తుంది. పుట్టింది ఎప్పుడో దాచే ఉద్దేశం లేదని కంపెనీ అలా చెప్పుకుంటుంది. డాబా మీద చాప పరిచి చేసినవాటికి అలాంటి ఏర్పాటేమీ లేదు. అందుకే ఇంట్లో ఈ పని చేయాలని పట్టుదలగా ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. పాత ఫెండర్లలో నెక్ మడమ (బాడీలో కూర్చునే చివర) మీద తయారైన తేదీ పెన్సిల్‌తో రాసో, ముద్ర వేసో ఉండేది. మీరూ నెక్‌ని బాడీకి బిగించే నాలుగు స్క్రూలు విప్పండి. నెక్ పాకెట్‌లో ఏ సంవత్సరం, ఎవరు, ఏమేం గీకారో పెన్సిల్‌తో రాసి మళ్ళీ బిగించేయండి. తర్వాత కొన్నవాడు సెటప్‌కి ఇచ్చినప్పుడు రిపేరు చేసేవాడు అది చదివి వాడికి చెబుతాడు.